గుడి గంట

ఈ వ్యాసం గోదావరి డెల్టా ప్రాంతపు ఆలయాలలో వాడే కంచు గంటల గురించి. 1964లో విడుదలైన చలనచిత్రం కొరకు గుడిగంటలు (సినిమా) చూడండి. కాలమానం కొరకు గంట (కాలం) చూడండి.

గుడి గంట ఆలయ పూజావిధిలో నాదం కొరకు ఉపయోగించే లోహసాధనం. సంప్రదాయంగా దీనిని రాగి, తగరం కలిపిన కంచుతో పోత పోస్తారు. గోదావరి డెల్టాలోను, దాని అంచులలోను ఉన్న ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం పంచారామ క్షేత్రాలు మొదలుకొని ప్రతి ఊరి రామాలయం వరకు గంట లేని గుడి ఉండదు. అర్చకుని ఎడమచేతిలో ఒకటి, ముఖమండపంలో మరొకటి, ధ్వజస్తంభం కొన మీద గాలికి కదిలే చిరుగంటలు మరికొన్ని ఉంటాయి.

కంచు నాదంతో దైవకార్యాలు చేయటం ఒక్క భారతదేశపు ఆచారం కాదు. జపాను దేశంలో సుమారు రెండు వేల సంవత్సరాల క్రితం నాటి "దోతాకు" అనే కంచు గంటలు దాదాపు ఐదు వందలు దొరికాయి. అవి చూడటానికి చక్కగా నిలిచి ఉన్నాయి గాని, వాటిని ఏ పండుగనాడు ఎవరు ఎలా మ్రోగించేవారో చెప్పే సంప్రదాయం మిగలలేదు. గోదావరి సీమలో గంట, గంటను వాయించే పద్ధతి రెండూ ఇంకా కలిసే ఉన్నాయి. ఇటీవలి దశాబ్దాలలో ఇత్తడి గంటలు, విద్యుత్ యంత్రాలు వచ్చిన తరువాత ఆ రెండూ ఒకదానికొకటి దూరమవుతున్నాయి.

పేరు

"గంట" అనే మాట సంస్కృత "ఘంటా" శబ్దానికి వికృతి. బల్లపరుపుగా, పళ్ళెంలా ఉండి కర్రసుత్తితో కొట్టే దానిని జేగంట అంటారు. ఇది "జయఘంట" అనే మాటకు మారిన రూపం. పూర్వం అడుగున సన్నని రంధ్రం ఉన్న గిన్నెను నీటిపై తేలవేసి, అది నిండి మునిగిన ప్రతిసారీ ఒక గడియ (24 నిమిషాలు) అయినట్లు లెక్కించి జేగంట మీద కొట్టేవారు. కాలాన్ని తెలిపిన సాధనం పేరే తరువాత అరవై నిమిషాల కాలానికి స్థిరపడింది. కృష్ణా జిల్లాలోని ఘంటసాల పేరు కూడా గంట నుండే వచ్చిందని కొందరు భావిస్తారు గాని, ఆ ఊరి ప్రాచీన నామం శాసనాలలో "కంటకసేల" అని ఉంది.

రకాలు

ఆలయంలో కనిపించే గంటలు ముఖ్యంగా నాలుగు విధాలు. చేతిగంట అన్నిటికంటె చిన్నది. దీని పిడి పైభాగాన శివాలయాలలో నంది లేదా త్రిశూలం, వైష్ణవాలయాలలో గరుత్మంతుడు, ఆంజనేయుడు, శంఖచక్రాలు ఉంటాయి. కనుక గంటను చూసి అది ఏ గుడిదో కొంతవరకు చెప్పవచ్చు. రెండవది మండపంలో గొలుసుతో వేలాడదీసే పెద్దగంట. లోపల వేలాడుతూ గోడను తాకే కడ్డీని నాలుక అంటారు. (జపాను భాషలో కూడా ఈ భాగాన్ని నాలుక అనే పిలుస్తారు.) మూడవది జేగంట. దీనికి నాలుక ఉండదు. నాలుగవది ధ్వజస్తంభం పైన కట్టే చిరుగంటలు. ఇవి మనిషి చేయి అవసరం లేకుండా గాలికి మ్రోగుతాయి.

ఇవి గాక ఊరేగింపు వాహనాలకు, ఆలయపు ఏనుగులకు, ఎద్దులకు కట్టే గంటలు, మువ్వలు ఉన్నాయి. వాటిని గురించి కొంత క్రింద చెప్పబడింది.

పూజలో గంట

గృహంలో గాని ఆలయంలో గాని అర్చన మొదలు పెట్టేటప్పుడు ముందుగా గంటకే పూజ చేస్తారు. దానిపై పుష్పం, అక్షతలు ఉంచి, దేవతలు రావటానికి, రాక్షసులు తొలగిపోవటానికి ఈ నాదం చేస్తున్నాను అనే అర్థం గల శ్లోకాన్ని చదివి మ్రోగిస్తారు. అంటే పూజా సామగ్రిలో తనకు తాను పూజలందుకునే వస్తువులలో గంట ఒకటి. కలశం, శంఖం కూడా ఇట్టివే.

ఆ తరువాత గంట ఎప్పుడు పడితే అప్పుడు మ్రోగదు. అభిషేకం జరిగేటప్పుడు, ధూపం వేసేటప్పుడు, దీపం చూపేటప్పుడు, నైవేద్యం సమర్పించేటప్పుడు, హారతి ఇచ్చేటప్పుడు మ్రోగుతుంది. అర్చకుడు కుడిచేత్తో ఉపచారం చేస్తూ ఎడమచేత్తో గంట వాయిస్తాడు. రెండు చేతులు రెండు వేర్వేరు లయలలో కదలాలి. హారతి పళ్ళెం నెమ్మదిగా తిరుగుతూ ఉండగా గంట త్వరితంగా ఆడుతుంది. ఇది చూడటానికి తేలిక, నేర్చుకోవటానికి కష్టం. కొత్తగా అర్చకత్వం నేర్చుకునే కుర్రవాడి హారతి పళ్ళెం గంటతో పాటే ఊగిపోవటం పెద్దలు నవ్వుకునే విషయం.

గర్భాలయంలో జరిగేది బయట ఉన్నవారికి తెలియజేయటం గంట చేసే మరొక పని. నివేదన సమయంలో తెర వేస్తారు. భక్తులకు లోపల ఏమీ కనపడదు. తెర వెనుక గంట మొదలైతే నివేదన జరుగుతున్నదని, ఆగితే తెర తీయబోతున్నారని అర్థం. మహామంగళ హారతి వేళ చేతిగంట, మండపంలోని గంట, జేగంట, శంఖం, ఉంటే మేళం కూడా ఒక్కసారిగా మ్రోగుతాయి. గడియారాలు ఇంటింటికీ లేని రోజులలో మధ్యాహ్న నివేదన గంట పొలాలలో ఉన్నవారికి భోజనవేళను తెలిపేది. చంద్రగిరిలో ఉండే విజయనగర రాజులు తిరుమలలో స్వామివారి నివేదన గంట విన్న తరువాతే భుజించేవారనీ, ఆ నాదాన్ని అందించటానికి దారిపొడవునా ఘంటామండపాలు ఉండేవనీ రాయలసీమలో చెప్పుకునే కథకు మూలం కూడా ఈ అలవాటే.

తిరుమల ఆలయంలో గర్భాలయంలో చేతిగంట వాడరు. శ్రీవైష్ణవ ఆచార్యుడైన వేదాంత దేశికులు స్వామివారి గంట అంశతో జన్మించారనే విశ్వాసం దీనికి కారణంగా చెబుతారు. అక్కడ బయట తిరుమామణి మండపంలోని పెద్ద గంటలను మ్రోగిస్తారు.

గంట మ్రోగకపోవటానికి కూడా గ్రామంలో ఒక అర్థం ఉంది. ఊరిలో ఎవరైనా మరణిస్తే శవం లేచేవరకు అనేక గ్రామాలలో గుడి తలుపులు తెరవరు, పూజ జరగదు. తెల్లవారినా గంట వినపడకపోతే ఎవరికో ఏదో జరిగిందని ఊరికి తెలిసిపోతుంది. గ్రహణకాలంలోను అంతే. గ్రహణం విడిచి సంప్రోక్షణ జరిగిన తరువాత మ్రోగే మొదటి గంటతో ఇళ్ళలో పొయ్యి వెలిగిస్తారు.

భక్తులు మండపంలోని గంటను లోపలికి వెళ్ళేటప్పుడు కొడతారు. తిరిగి వచ్చేటప్పుడు కొట్టకూడదని పెద్దలు చెబుతారు.

గుడి వెలుపల

డెల్టాలో కంచు నాదం గుడి ప్రాకారానికి పరిమితం కాదు. సంక్రాంతి నెలలో జంగమదేవరలు గంట వాయిస్తూ, శంఖం ఊదుతూ ఇంటింటికీ వస్తారు. గంగిరెద్దుల మెడలో గంటలు, గరగ నృత్యం చేసేవారి కాళ్ళకు గజ్జెలు ఉంటాయి. బండి ఎద్దులకు తోలుపట్టెడకు కుట్టిన మువ్వలు, మెడకు గంట కట్టటం రైతుకు ఒక ముచ్చట. రాత్రివేళ గట్ల మీద బండ్లు ఎదురెదురుగా రాకుండా అది హెచ్చరికగా కూడా పనిచేసేది.

వీటిలో ప్రత్యేకంగా చెప్పదగినది కోనసీమలో కనుమనాడు జరిగే జగ్గన్నతోట ప్రభల తీర్థం. పదకొండు గ్రామాల శివుళ్ళు ఏకాదశ రుద్రులుగా ఒక కొబ్బరి తోటలో కలుస్తారు. వెదురుతో కట్టి, రంగుల బట్టలతో, గంటలతో అలంకరించిన ప్రభల మీద వారిని భుజాలపై మోసుకుని వస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక నదిలో దిగి దాటవలసి ఉంటుంది. దారిలో వరిచేలు ఉంటే వాటి మధ్యగానే నడుస్తారు. పైరు తొక్కుడు పడినా రైతు దానిని నష్టంగా భావించడు. దేవుడు తన చేను తొక్కాడని సంతోషిస్తాడు. వరి పండించే సమాజంలో గంటకు, పొలానికి ఉన్న సంబంధం ఇక్కడ కళ్ళకు కడుతుంది. జపాను గంటల విషయంలో ఇదే సంబంధం మళ్ళీ కనిపిస్తుంది.

కంచు, దాని నాదం

గంట పోయటానికి వాడే కంచులో సుమారు 78 పాళ్ళు రాగి, 22 పాళ్ళు తగరం ఉంటాయి. రాగి, యశదం (జింకు) కలిస్తే ఇత్తడి అవుతుంది. పాత్రల దుకాణంలో ఈ రెండింటినీ రంగును బట్టి పోల్చటం కష్టం. వేలితో మీటితే వెంటనే తెలిసిపోతుంది.

రాగి ఒంటరిగా మెత్తని లోహం. తగరం ఇంకా మెత్తనిది. కాని రెండూ తగిన పాళ్ళలో కలిసినప్పుడు చాలా గట్టి, పెళుసైన లోహం ఏర్పడుతుంది. మెత్తని లోహాన్ని కొడితే దెబ్బలోని శక్తి లోహం లోపలే వేడిగా మారి అణగిపోతుంది. గట్టి కంచులో ఆ శక్తి త్వరగా అణగదు. అంచు అదే పనిగా కంపిస్తూ గాలిని కదిలిస్తుంది. బంగారం కంచులాగ మ్రోగకపోవటానికి కారణం దాని మెత్తదనమే. వేమన ప్రసిద్ధ పద్యంలో ఈ భేదాన్ని మనుషుల మాటతీరుకు ఉపమానం చేశాడు. పద్యంలో కంచుకు చిన్నచూపు దక్కింది గాని, గంట పోసేవారి దృష్టిలో ఆ మ్రోతే దాని విలువ. తెలుగువారు మంచి గొంతును కంచుకంఠం అన్నప్పుడు కూడా ఈ మెప్పే వినిపిస్తుంది.

తగరం మరీ ఎక్కువైతే గంట గాజులాగ పగులుతుంది. తక్కువైతే నాదం త్వరగా ఆరిపోతుంది. గంట చిక్కు అంతా ఇక్కడే ఉంది. బాగా మ్రోగే గంట బాగా పగిలే గంట కూడా.

ఆకారం కూడా నాదాన్ని నిర్ణయిస్తుంది. ఒకే ఆకృతిలో ఉన్న రెండు గంటలలో ఒకటి రెండవదానికి రెట్టింపు ఎత్తు, వెడల్పు, మందం కలిగి ఉంటే దాని స్వరం సరిగా ఒక స్థాయి క్రిందికి దిగుతుంది. కాని బరువు ఎనిమిది రెట్లు అవుతుంది. గంభీరమైన నాదం ఎందుకంత ఖరీదో దీనివల్ల తెలుస్తుంది. గంట అంచు చుట్టూ మందం ఒకే విధంగా లేకపోతే చాలా దగ్గరగా ఉండే రెండు స్వరాలు ఒకేసారి పుడతాయి. అవి కలిసి, విడిపోయి, నాదం అలలు అలలుగా వణుకుతున్నట్లు వినిపిస్తుంది. చేతితో పోసిన పాత గంటలలో ఈ వణుకు సాధారణం. యంత్రంపై సమంగా తరిగిన గంటలో ఇది తగ్గుతుంది. ఇది లోపమా, అందమా అన్నది వినేవారి చెవిని బట్టి ఉంటుంది.

సన్నని పగులు వచ్చిన గంట కంటికి బాగానే కనిపిస్తుంది. కొడితే మాత్రం కుండను తట్టినట్లు మొద్దుగా పలుకుతుంది. అట్టి గంటకు అతుకు వేసినా నాదం రాదు. కరిగించి మళ్ళీ పోయటం ఒక్కటే మార్గం.

లోహం వచ్చిన దారి

గోదావరి డెల్టా ఒండ్రు నేల. వరికి, కొబ్బరికి అది వరం గాని అందులో రాగి గాని తగరం గాని దొరకదు. అందువల్ల ఇక్కడి ప్రతి కంచు గంటలోని లోహం ఎక్కడినుండో వచ్చినదే. ఎక్కువభాగం పగిలిన పాత్రలను కరిగించి మళ్ళీ వాడినది కాగా, కొత్త లోహం రేవుల ద్వారా వచ్చేది.

17, 18 శతాబ్దాలలో డచ్చి ఈస్టిండియా కంపెనీకి మచిలీపట్నం, నరసాపురం, పాలకొల్లు, ద్రాక్షారామం, కాకినాడ పక్కనున్న జగన్నాథపురంలలో వర్తక స్థావరాలు ఉండేవి. ఇక్కడి నేత బట్టలను కొని తీసుకువెళ్ళటం వారి ముఖ్య వ్యాపారం. బదులుగా వారు కోరమాండల్ తీరానికి తెచ్చి అమ్మిన సరుకులలో సుగంధ ద్రవ్యాలతో పాటు మలయా ద్వీపకల్పపు తగరం, జపాను రాగి ముఖ్యమైనవి. 1641 నుండి డచ్చివారు నాగసాకి రేవులోని దెజిమా అనే చిన్న దీవి నుండి జపానుతో వర్తకం చేసేవారు. ఐరోపావారిలో ఆ అనుమతి వారికొక్కరికే ఉండేది. షికోకు దీవిలో 1691లో ప్రారంభమైన బెష్షి వంటి గనుల రాగి కడ్డీల రూపంలో దెజిమా చేరి, అక్కడనుండి బటావియా మీదుగా భారతదేశానికి వచ్చేది. దీనిని నాణేలకు, పాత్రలకు వాడేవారు. పాలకొల్లు క్షీరారామంలో గంట మ్రోగుతున్నప్పుడు, అదే ఊరిలోని డచ్చి గిడ్డంగిలో జపాను రాగిని తూకం వేస్తున్న కాలం ఒకటి ఉండేదన్నమాట.

జపాను దోతాకులు

ఆ రాగి వచ్చిన దేశంలో అంతకు పదిహేను వందల సంవత్సరాలకు ముందే కంచు గంటల సంప్రదాయం ఒకటి పుట్టి, వికసించి, పూర్తిగా అంతరించింది. జపాను చరిత్రలో వరిసాగు స్థిరపడిన కాలాన్ని యాయోయి యుగం అంటారు. దోతాకులు ఆ యుగానికి చెందినవి. కొరియా ద్వీపకల్పంలో వాడిన చిన్న కంచు గంటలు వీటికి మూలమని పండితుల అభిప్రాయం. మొదటివి జానెడు ఎత్తు ఉండేవి. పైన వేలాడదీయటానికి మందపాటి కొక్కెం, లోపల నాలుక ఉండేవి. నాలుక తగిలే చోట లోపలి అంచున ఒక గట్టు పోసేవారు. కొన్నిటిలో ఆ గట్టు అరిగి ఉండటం వల్ల అవి చాలాకాలం మ్రోగాయని తెలుస్తుంది.

కాలం గడిచేకొద్దీ ఇవి పెద్దవై, పలుచనై, అలంకారాలతో నిండాయి. వేలాడదీసే కొక్కెం పలుచని రేకులాగ మారి బరువు మోయలేని స్థితికి వచ్చింది. పురావస్తు శాస్త్రవేత్త సహారా మకోతో ఈ కొక్కెపు మార్పును ఆధారంగా చేసుకునే దోతాకుల కాలక్రమాన్ని నిర్ణయించాడు. షిగా ప్రాంతంలోని యాసు వద్ద 1881లో దొరికిన అతి పెద్ద దోతాకు ఎత్తు సుమారు 135 సెంటీమీటర్లు, బరువు 45 కిలోగ్రాములు. ఇంత పెద్దవి వేలాడదీసి మ్రోగించటానికి చేసినవి కావు, నేలపై నిలిపి చూడటానికి చేసినవి. జపాను పండితులు ఈ మార్పును "వినే గంట" నుండి "చూసే గంట"కు మార్పుగా వర్ణిస్తారు.

కొన్నిటిపై చిన్న చిన్న బొమ్మలు ఉన్నాయి. తోక్యో జాతీయ మ్యూజియంలో ఉన్న ఒక దోతాకుపై ఇద్దరు మనుషులు రోకళ్ళతో ధాన్యం దంచుతున్న బొమ్మ, స్తంభాలపై కట్టిన గాదె, లేళ్ళ వేట, తూనీగ, గొల్లభామ వంటి పురుగులు గీసి ఉన్నాయి. ఆ దంపుడు బొమ్మ చూసిన గోదావరి జిల్లావాసికి వివరణ అవసరం ఉండదు. ఇట్టి బొమ్మల ఆధారంగా దోతాకులు పంట పండుగలకు సంబంధించినవని భావిస్తున్నారు.

ఇవి సమాధులలో గాని ఇళ్ళలో గాని కాక, ఊరికి దూరంగా కొండవాలుల్లో పాతిపెట్టబడి దొరుకుతాయి. సాధారణంగా ఒక పక్కకు పడుకోబెట్టి, రెండు పక్కల ఉండే రెక్కలు క్రిందికి మీదికి ఉండేలా పాతారు. షిమానె ప్రాంతంలోని కోజిందానిలో 1984లో 358 కంచు కత్తులు, మరుసటి ఏడు అక్కడే ఆరు దోతాకులు బయటపడ్డాయి. దానికి దగ్గరలోని కామో-ఇవాకురాలో 1996లో రోడ్డు పని చేస్తుండగా ఒకేచోట 39 దొరికాయి. 2015లో అవాజి దీవిలో ఇసుకలో దొరికిన ఏడు దోతాకులతో వాటి నాలుకలు కూడా ఉన్నాయి. వాటిని కట్టిన తాళ్ళ జాడలు కూడా మిగిలి ఉండటంతో ఈ గంటలను ఎలా వేలాడదీసేవారో మొదటిసారి ప్రత్యక్షంగా తెలిసింది.

ఎందుకు పాతారు అన్నదానిపై పలు వాదాలు ఉన్నాయి. పండుగకు పండుగకు మధ్య భూమిలో దాచేవారని కొందరు, విపత్తు తొలగటానికి భూదేవతకు సమర్పించారని కొందరు, కొత్త పాలకులు వచ్చినప్పుడు పాత ఆరాధనను విడిచిపెట్టారని మరికొందరు అంటారు. మూడవ శతాబ్దం నాటికి వీటి తయారీ ఆగిపోయింది. 713లో యమాతో ప్రాంతంలో ఒకటి దొరికినప్పుడు అది ఒక వింతగా రాజసభకు చేరింది. తమ పూర్వికులదే అయిన వస్తువును అప్పటి జపానువారు గుర్తించలేకపోయారు.

ఆ తరువాత బౌద్ధం ద్వారా వచ్చిన పెద్దగంటలు వేరు జాతివి. వాటికి నాలుక ఉండదు. బయటనుండి దూలంతో కొడతారు. సంవత్సరపు చివరి రాత్రి వాటిని 108 సార్లు మ్రోగించటం ఇప్పటికీ ఆచారం. ఆ 108 సంఖ్య మనకు కొత్తది కాదు.

పోత, అజ్జరం పనివారు

గోదావరి ప్రాంతంలో కంచు, ఇత్తడి పనికి పేరుపొందిన ఊరు అజ్జరం. ఇది తణుకుకు దగ్గరలో పెరవలి మండలంలో ఉంది. పెరవలి మండలం 2022 వరకు పశ్చిమ గోదావరి జిల్లాలోను, జిల్లాల పునర్విభజన తరువాత తూర్పు గోదావరి జిల్లాలోను ఉంది. బిందెలు, గుండిగలు, గంగాళాలు, పళ్ళేలు ఇక్కడి పాత సరుకు. స్టెయిన్‌లెస్ స్టీలు, ప్లాస్టిక్ వచ్చిన తరువాత ఇంటి పాత్రలకు గిరాకీ పడిపోయింది. ఆలయ సామగ్రి అనగా గంటలు, దీపాలు, మకరతోరణాలు, ధ్వజస్తంభపు తొడుగులు పనివారికి ఆధారమయ్యాయి. ఒకప్పుడు ఏ పెళ్ళిసారెలోనైనా తప్పనిసరిగా ఉండే కంచు చెంబు చేసిన చేతులే ఇప్పుడు గుడి పని మీద బతుకుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం జిల్లా బుడితి, తెలంగాణలో పెంబర్తి ఇట్టి లోహపు పనికి పేరుపొందిన ఇతర గ్రామాలు.

గంటను మైనపు పద్ధతిలో గాని, ఇసుక అచ్చు పద్ధతిలో గాని పోస్తారు. మైనపు పద్ధతిలో మొదట మట్టితో గంట లోపలి ఖాళీకి సరిపడే దిమ్మను చేసి ఆరబెడతారు. దానిపై గంట ఎంత మందం ఉండాలో అంత మందాన మైనం పూసి, అక్షరాలు, తీగలు, నంది బొమ్మ ఏవి కావాలన్నా ఆ మైనం మీదే తీరుస్తారు. దానిపై మెత్తటి మట్టిని పూతలు పూతలుగా వేసి ఆరనిస్తారు. వేడి చేసినప్పుడు మైనం కరిగి బయటికి పోయి ఖాళీ మిగులుతుంది. మూసలో కరిగించిన కంచును ఆ ఖాళీలో పోస్తారు. తగరం 232 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరుగుతుంది. రాగికి 1085 డిగ్రీలు కావాలి. అందువల్ల ముందు రాగిని కరిగించి, తరువాత తగరం వేస్తారు. ముందే వేస్తే తగరం కొంత కాలిపోయి పాళ్ళు మారిపోతాయి. ఒకసారి పోయటం మొదలుపెట్టిన తరువాత ధార ఆగకూడదు. మట్టిలో తడి మిగిలి ఉన్నా, ధార మధ్యలో తెగినా లోహంలో బుడగలు, అతుకులు ఏర్పడతాయి. అవి పైకి కనపడకపోవచ్చు. మొదటి దెబ్బతోనే వినపడతాయి.

మైనపు అచ్చుతో ఒక్క గంటే వస్తుంది. ఇసుక పద్ధతిలో ఒకే చెక్క నమూనాతో ఎన్ని అచ్చులైనా తీయవచ్చు కనుక అంగడి గంటలు చాలావరకు అలా వచ్చినవే.

దుకాణాలలో దొరికే గంటలలో ఇప్పుడు ఇత్తడివే ఎక్కువ. తగరం ఖరీదైన లోహం. ఇత్తడి చవక, తేలికగా కరుగుతుంది, పగలదు, తోమితే బంగారంలాగ మెరుస్తుంది. నాదం ఒక్కటే తక్కువ. కొనేవారు గంటను చూసి కొంటున్నారు గాని విని కొనటం లేదు. దోతాకుల విషయంలో పండితులు చెప్పిన "వినే గంట, చూసే గంట" అనే మాట తణుకు, రాజమండ్రి అంగళ్ళకు కూడా కొంత వర్తిస్తుంది.

విద్యుత్ గంటలు

చాలా ఆలయాలలో ఇప్పుడు మోటారుతో నడిచే వాద్యయంత్రాలు కనిపిస్తాయి. ఒక చట్రంలో రెండు మూడు గంటలు, ఒక జేగంట, ఒక డోలు బిగించి ఉంటాయి. మీట నొక్కితే ఇరుసు తిరిగి చిన్న సుత్తులు అన్నిటినీ ఒకే వేగంతో కొడతాయి. ఆపేవరకు ఆ వేగం మారదు. హారతి చివర నాదం తగ్గుతూ ముగియటం దీనిలో కుదరదు.

యంత్రాన్ని నిందించటం సులభమే గాని, అది రావటానికి కారణం ఉంది. పూర్వం గుడిలో అర్చకునికి తోడుగా మేళగాళ్ళు, పరిచారకులు మాన్యాల మీద ఆధారపడి ఉండేవారు. ద్రాక్షారామం భీమేశ్వరాలయపు గోడలు, స్తంభాల మీద ఉన్న వందలకొద్దీ శాసనాలలో అఖండదీపాలకు ఇచ్చిన దానాలతో పాటు ఆలయ సేవకుల పోషణకు ఇచ్చిన దానాలు కూడా కనిపిస్తాయి. ఆ ఏర్పాట్లు పోయిన చిన్న గుళ్ళలో ఇప్పుడు ఒక్క అర్చకుడే తలుపు తీయాలి, నివేదన వండాలి, హారతి ఇవ్వాలి, పెద్దగంట కూడా కొట్టాలి. హారతి వేళ మండపంలో గంట కొట్టటానికి పిల్లలు పోటీ పడే ఊళ్ళలో యంత్రం మూలన పడి ఉంటుంది. పిల్లలు రాని ఊళ్ళలో అది తప్పనిసరి.

చేతిగంటను మాత్రం ఏ యంత్రమూ తొలగించలేదు. యంత్రం మ్రోగుతున్నప్పుడు కూడా అర్చకుడు ఎడమచేత్తో తన గంటను కదిలిస్తూనే ఉంటాడు. ఆ రొదలో అది ఎవరికీ వినపడదు.

గంటల మీది రాతలు

పెద్దగంటల అంచు చుట్టూ దాత పేరు, ఊరు, సమర్పించిన సంవత్సరం, కొన్నిటిపై బరువు చెక్కి ఉంటాయి. పాత గంటలపై బరువు మణుగులు, వీశెలలో, సంవత్సరం తెలుగు సంవత్సర నామంతో ఉంటుంది. అరవై ఏళ్ళకు ఒకసారి అదే పేరు తిరిగి వస్తుంది కనుక శకవర్షం గాని ఇంగ్లీషు సంవత్సరం గాని తోడు లేకపోతే కాలం నిర్ణయించటానికి అక్షరాల తీరును చూడవలసి ఉంటుంది. రాతి శాసనాలను పురావస్తు శాఖవారు నకలు తీసి ప్రచురించారు. ఊరి గంటల మీది రాతలను చదివినవారు తక్కువ. అవి నల్లబడిన మండపపు పైకప్పు క్రింద చేతికి అందనంత ఎత్తున ఉంటాయి.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జపాను ప్రభుత్వం ఆయుధాల తయారీకి వేలాది ఆలయ గంటలను సేకరించి కరిగించింది. చారిత్రకంగా విలువైన పాత గంటలకు మినహాయింపు ఇచ్చారు. ఆ పాతదనానికి సాక్ష్యం చాలావాటికి వాటిపై చెక్కి ఉన్న సంవత్సరమే. ఇక్కడ గంటను కరిగించేది యుద్ధం కాదు, పగులు. పగిలిన గంటను ఆలయ ధర్మకర్తలు తూకానికి ఇచ్చి, ఆ బరువుకు తగిన కొత్త గంటను తెస్తారు. కొత్త గంట మీద కొత్త దాత పేరు ఉంటుంది. పాత పేరు కంచుతో పాటు మూసలో కరిగిపోతుంది.